బరువెక్కని గీత: బాపు వ్యంగ్యచిత్రకళ

వ్యంగ్యచిత్రం అనే మాట మన పత్రికలలో చాలాకాలంగా చెల్లుబడి అవుతున్నది. ఇంగ్లీషువారు కార్టూన్ అనీ, కారికేచర్ అనీ వేరువేరుగా వ్యవహరించే రెండింటికీ మనవారు ఈ ఒక్క మాటనే వాడుతున్నారు. వాడుకలో ఇబ్బంది కలుగకపోవడం చేత దాని అర్థాన్ని విచారించే అవసరం ఎవరికీ తోచలేదు. కాని బాపు చిత్రకళను గూర్చి ఆలోచింపబూనినవారికి ఈ విచారం తప్పదని నా అభిప్రాయం.

కారికేచర్ అనే మాటకు మూలం ఇటలీ భాష. ఆ భాషలో 'కారికారే' అంటే బరువెక్కించడం. బండికి సరుకు ఎక్కించినట్లు మనిషి ముఖానికి అతని లోపాన్ని ఎక్కించడం ఈ కళకు ఆది. 16వ శతాబ్దం చివర బొలోన్యా నగరపు చిత్రకారుడు అన్నీబాలె కరాచ్చి, అతని పరివారం గీసిన ఇటువంటి బొమ్మలకు 'బరువెక్కించిన రూపచిత్రాలు' అనే అర్థం వచ్చే పేరు ఏర్పడినది. తరువాతి శతాబ్దంలో మహాశిల్పి బెర్నీని పోపును సైతం విడిచిపెట్టలేదు. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు దోమియే తన రాజు లూయీ ఫిలిప్‌ను ప్రజల సొమ్ము మ్రింగే మహాకాయుడుగా గీసి 1832లో చెరసాలకు వెళ్లినాడు. ముక్కు పెరగడం, పొట్ట ఉబ్బడం, మెడ కుంచించుకుపోవడం, ఇవన్నీ బరువు వలన కలిగే వికారాలే. ఈ సంప్రదాయంలో హాస్యానికి సాధనం బరువు.

మన మాట వేరొక మూలం నుండి వచ్చినది. వ్యంగ్యం అనగా వ్యంజన చేత తెలియవచ్చే అర్థం. 9వ శతాబ్దంలో కాశ్మీరదేశపు ఆనందవర్ధనుడు దానిని కావ్యానికి ఆత్మగా నిలిపినాడు. కొట్టడం ఆగిన తరువాత కూడా గంటలో మిగిలి మ్రోగే నాదం వలె, మాట ముగిసిన తరువాత సహృదయుని మనస్సులో మ్రోగేది వ్యంగ్యం. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ధ్వని లేక, శబ్దార్థాల వైచిత్రి మాత్రమే గల కవిత్వానికి ఆ ఆచార్యుడు పెట్టిన పేరు 'చిత్రం'. బొమ్మకు పోలికే గాని ప్రాణం ఉండదు గనుక, ప్రాణం లేని కవిత్వం బొమ్మవంటిదని తాత్పర్యం. ఆ లెక్కన వ్యంగ్యచిత్రం అనే సమాసమే పరస్పర విరుద్ధం కావలె. ఈ విరోధాన్ని తెలుగునాట తన గీతతో పరిహరించినవారు బాపు. ఆయన గీత మనిషికి బరువెక్కించదు. చెప్పవలసినదానిలో కొంత చెప్పి ఆగుతుంది. తక్కినది చూచేవానిలో మ్రోగుతుంది.

సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933 డిసెంబరు 15న పశ్చిమగోదావరి జిల్లా నరసాపురంలో జన్మించి, మద్రాసులో పెరిగి, 1955లో అక్కడనే న్యాయశాస్త్ర పట్టం పుచ్చుకొన్నారు. న్యాయస్థానానికి పోక ఆంధ్రపత్రికలో రాజకీయ వ్యంగ్యచిత్రకారుడుగా చేరినారు. కొంతకాలం ప్రకటనల సంస్థలలో పనిచేసినారు. 1967లో 'సాక్షి'తో చలనచిత్ర దర్శకులైనారు. 2013లో పద్మశ్రీ పురస్కారం పొంది, 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూసినారు. ఆయన రాకకు ముందే 1930ల నాటి 'భారతి' పుటలలో తలిశెట్టి రామారావు తెలుగు వ్యంగ్యచిత్రానికి నారు పోసి ఉన్నారు. తమిళనాట 'ఆనందవికటన్' పత్రికలో గోపులు గీసిన బొమ్మలను బాపు గురుభావంతో చూచినారు. బాపు మొదటివారు కారు, ఒంటరివారు కారు. ఐనను తెలుగు పాఠకుని కంటికి చదవడం నేర్పినవారు ఆయనే.

ఆ గీత అంత పొదుపుగా ఏల ఉన్నది? ప్రతిభ అని చెప్పి ఊరకుండవచ్చును. కాని ప్రతిభకు కూడా పనిముట్టు కావలె. ఆనాటి వారపత్రికలు చవుక కాగితం మీద, సీసపు అక్షరాల ప్రక్కన లోహపు దిమ్మలు బిగించి అచ్చువేసేవి. నీడలు, మసకలు ఆ కాగితం మీద మట్టికొట్టుకుపోయేవి. నిలిచేది నల్లని గీత ఒక్కటే. పైగా వారానికి వారం గడువు తరుముకొని వచ్చేది. ఈ నిర్బంధాన్ని పలువురు లోపంగా భావించి, గీతలమీద గీతలు పేర్చి లోటు పూడ్చుకోబోయినారు. బాపు ఆ నిర్బంధాన్నే ఛందస్సుగా స్వీకరించినారు. ఒకచోట సన్నగా మొదలై, వంపు వద్ద బలిసి, మరల సన్నబడి ఆగిపోయే కుంచెగీతతో మనిషి నిలుచున్న తీరు, ఆ తీరులో అతని మనస్సు తెలియవలె. గది గోడలు గీయరు. కాని గది ఉన్నదని మనకు తెలుస్తుంది. కందపద్యానికి స్థలం చాలదని ఏ కవియైనా వగచినాడా?

ఈ పద్ధతికి మొదటి గొప్ప పరీక్ష 'బుడుగు'. ముళ్లపూడి వెంకటరమణ ఆ రచనను 1956, 1957 సంవత్సరాలలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ప్రకటించినారు. పిల్లవాడు తన నోట తానే చెప్పుకొనే కథ అది. అమ్మ రాధ, నాన్న గోపాళం, బామ్మ, బాబాయి, రెండుజెళ్ల సీత, సీగానపెసూనాంబ, వీరందరూ వాని మాటలలో పడి వాని కొలతకు తగ్గిపోతారు. ఇటువంటి రచనకు బొమ్మ వేయడం సులభం కాదు. పిల్లవానిని ముద్దుగా వేస్తే రచయిత వ్యంగ్యం చచ్చిపోతుంది. పెద్దవారిని వికారంగా వేస్తే పిల్లవాని అమాయకత్వం అబద్ధమైపోతుంది. బాపు రెంటిలో ఏదీ చేయలేదు. పెద్దవారు పెద్దవారుగానే, అందంగానే ఉంటారు. పిల్లవాడు వారి నడుమ తానే గృహయజమాని అయినట్లు నిలుచుంటాడు. ఆ నిలుకడకూ ఆ పరిమాణానికీ గల వ్యత్యాసమే హాస్యం. ఎవరి ముక్కూ పెరగలేదు. బరువెక్కించకుండానే వ్యంగ్యం సిద్ధించినది.

ఇక్కడ కొలచాల మల్లినాథసూరిని స్మరించుట అప్రస్తుతం కాదు. మూలంలో లేనిది వ్రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆ తెలుగు వ్యాఖ్యాత నియమం పెట్టుకొన్నాడు. కథకు బొమ్మ వేసేవానికి అంతకంటె మేలైన నియమం మరియొకటి లేదు. మన విమర్శకులు కథాచిత్రాన్ని అలంకారంగా లెక్కించినారు గాని వ్యాఖ్యానంగా లెక్కించలేదు. బొమ్మ బాగున్నదనడమే గాని, ఈ బొమ్మ ఈ కథను ఎట్లు చదివినదని అడిగినవారు తక్కువ. బాపు చిత్రకళను గూర్చి మనకు ప్రశంస సమృద్ధిగా ఉండి విమర్శ స్వల్పంగా ఉండడానికి ఇదే కారణం.

శంకరమంచి సత్యం 'అమరావతి కథలు' ఆంధ్రజ్యోతి వారపత్రికలో వెలువడినప్పుడు వాటితోపాటు బాపు బొమ్మలు వెలువడినవి. ఆ 100 కథల సంపుటికి 1979లో రాష్ట్ర సాహిత్య అకాదెమీ పురస్కారం లభించినది. కథలు చిన్నవి, అమరావతిలోని అతిసామాన్యుల జీవితంలో ఒక్కొక్క క్షణాన్ని పట్టి నిలిపేవి. అంత చిన్న కథకు పెద్ద బొమ్మ వేస్తే కథను మ్రింగివేస్తుంది. ముగింపును చూపితే కథను ముందుగానే చంపివేస్తుంది. వారపత్రిక పాఠకుని కన్ను బొమ్మమీద పడిన తరువాతనే మొదటి వాక్యం మీద పడుతుంది. కాబట్టి చిత్రకారుడు ఆ రచనకు తొలి పాఠకుడే గాక, తక్కిన పాఠకులందరికీ ద్వారపాలకుడు కూడా. తలుపు తీయవలె గాని ఇల్లంతా చూపరాదు. ఈ మర్యాదను బాపు ఎరుగుదురు. ఆ కథల కీర్తిలో ఆ మర్యాదకు కూడా వాటా ఉన్నదని చెప్పడం సత్యానికి లోటు కాదు.

వ్యంగ్యచిత్రంలో మాట ఉంటుంది. ఆ మాట అచ్చు అక్షరాలలో ఉంటే బొమ్మ ఒక లోకం, మాట ఒక లోకం అవుతుంది. బాపు తన చేతివ్రాతనే వాడినారు. గీతకు ఉన్న వంపే అక్షరానికీ ఉన్నది. తలకట్టు కొంచెం వాలుతుంది, కొమ్ము కొంచెం సాగుతుంది, చూచినంతనే ఎవరో మాట్లాడినట్లు వినవస్తుంది. అనంతరకాలంలో గణనయంత్రాలమీద ఆ వ్రాతను అనుసరించి అక్షరరూపాలు తయారైనవి. పెండ్లి శుభలేఖలకూ దుకాణపు పలకలకూ అవి ప్రాకినవి. ఐతే ఆ వ్రాతకు దక్కిన నిజమైన గౌరవం వేరొకటి. శ్రీరమణ 'మిథునం' కథ నచ్చి, బాపు దానిని మొదటినుండి చివరవరకు తమ చేతితో తిరిగి వ్రాసినారు. ఆ వ్రాతప్రతి 'రచన' పత్రికలో అచ్చయినది. ఒక్క గీతైనా అదనంగా గీయకుండా కథనంతా వ్రాసిపెట్టడం, చిత్రకారుడు రచయితకు చేయగల అభినందనలలో కడపటిది. విమర్శకుడు పది పుటలలో చెప్పలేని మాట అది.

చలనచిత్రాలలో కూడా ఆయన పనిముట్టు మారలేదు. ప్రతి దృశ్యాన్నీ ముందు కాగితం మీద గీసుకొని, తరువాత కెమెరాకు అప్పగించే అలవాటు వారిది. 1975 నాటి 'ముత్యాలముగ్గు'లో రావు గోపాలరావు ధరించిన కాంట్రాక్టరు పాత్రను చూడవలె. ముళ్లపూడి మాటలు, బాపు చట్రం కలిసి తీర్చిన దుర్మార్గుడు అతడు. అంతకు ముందటి మన దుష్టపాత్రలు గర్జించేవి. ఇతడు కళను గూర్చి తీరికగా మాట్లాడుతూ ఒక ఇల్లాలి బ్రతుకును కూల్చడానికి బేరం కుదుర్చుకొంటాడు. ఉత్తరరామాయణపు నిందను నేటి సంసారంలోకి దింపిన కథ అది. రావణుడు లేని చోట అపవాదును కొనుగోలు చేసేవాడు చాలునని చెప్పిన కథ. ఇంతటి చేదును చెప్పుతూ ఆ పాత్రకు కోరలు పెట్టలేదు. తెల్లని బట్టలలో మర్యాదస్థుడుగా కూర్చుండబెట్టినారు. వాచ్యంలో మర్యాద, వ్యంగ్యంలో క్రౌర్యం.

ఇంతవరకు చెప్పినది గుణపక్షం. దోషపక్షాన్ని విడిచిపెట్టిన విమర్శ స్తోత్రపాఠం అవుతుంది. స్తోత్రం బాపుకు కొరతపడలేదు.

మొదటిది 'బాపుబొమ్మ' అనే మాట. వాలుజడ, పెద్దకన్నులు, సన్ననినడుము గల ఆడపిల్లను చూచి తెలుగువారు ఆ మాట అంటారు. ఒక చిత్రకారుని పేరు సౌందర్యానికి ఉపమానం కావడం సామాన్యమైన సంగతి కాదు. కాని ఆ ఉపమానం బాపుకు అన్యాయం చేసినది. ఆయన సంసారపు వ్యంగ్యచిత్రాలలో ఆ వాలుజడ యువతి ఊరకుండదు. మగని ప్రయోజకత్వాన్ని ఒక్క చూపుతో కొలిచివేస్తుంది. తరచు గెలుపు ఆమెదే. మనం ఆమె నోటిని మూసి నడుమును మాత్రం ఉంచుకొన్నాము. ఇది చూపరుల తప్పు. చిత్రకారుని బాధ్యత కూడా కొంత ఉన్నది. దీర్ఘకాలం వాడిన అచ్చు చేతికి అలవాటైపోతుంది. ఆకలిని గూర్చిన కథలోనూ, అలకను గూర్చిన కథలోనూ అదే కన్ను, అదే నడుము కనిపించినప్పుడు వ్యాఖ్యాత తన మాటను మూలం మీద రుద్దినట్లే. మల్లినాథుని నియమం అక్కడ సడలినది.

రెండవది రాజకీయం. రాజకీయ చిత్రకారుడుగా మొదలిడినవారు తరువాత ఇంటి గడపకు పరిమితమైనారని కొందరి ఆక్షేపణ. ఢిల్లీలో శంకర్ తన వారపత్రికను 1948 నుండి 1975 వరకు నడిపి మంత్రులను ఏ విధంగా నిలువదీసినదీ వారు జ్ఞాపకం చేస్తారు. ఈ ఆక్షేపణలో సగమే నిజం. ముళ్లపూడి 'ఋణానందలహరి'లోని అప్పారావు అప్పు అడిగే తీరులో, అప్పిచ్చినవాడు తప్పించుకొనే తీరులో, స్వాతంత్ర్యానంతరపు మధ్యతరగతి అర్థశాస్త్రం అంతా ఉన్నది. అప్పు, ఉద్యోగం, అద్దె ఇల్లు, అధికారి ముందు వంగిన వెన్ను, ఇవి రాజకీయం కావనడం రాజకీయాన్ని శాసనసభకు కుదించడమే. కాని మిగిలిన సగం నిజాన్ని కూడా ఒప్పుకొనవలె. బాపు వ్యంగ్యానికి శత్రువు లేడు. నవ్వబడినవాడు కూడా నవ్వి ఇంటికి పోతాడు. దోమియేను చెరసాలకు పంపినటువంటి బొమ్మకు ఆ గీతలో చోటు లేదు. ధ్వని మార్గం ఎన్నుకొన్నవాడు చెల్లించవలసిన మూల్యం అది. సహృదయుడు ఉన్నచోటనే ధ్వని పలుకుతుంది. హృదయం లేని అధికారం ముందు దానికి బలం తక్కువ.

మూడవదానిని నేను ఈ వ్యాసం వ్రాస్తున్న చోటు నుండి చెప్పవలసి ఉన్నది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తరు ప్రాంతాన్ని దండకారణ్యంలో భాగంగా మనవారు చెప్పుకొంటారు. కోంటా, భోపాలపట్నం వంటి చోట్ల గోండి, దోర్ల భాషల సరసన తెలుగు కూడా వినిపిస్తుంది. కోంటా మీదుగా పారే శబరినది కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. బాపు రామకథను జీవితమంతా గీసినారు. 1976లో 'సీతాకల్యాణం', 2011లో 'శ్రీరామరాజ్యం' తీసినారు. 1973 నాటి 'అందాలరాముడు'లో గోదావరిమీద లాంచి నెక్కించి ఒక చిన్న తెలుగు ప్రపంచాన్ని భద్రాచలం వైపు నడిపించినారు. పడవలో కులీనుడూ పేదవాడూ భక్తుడూ మోసగాడూ అందరూ ఉన్నారు. కాని ఆ పడవ దారిలో కలిసే శబరి పాయలోకి మన వ్యంగ్యం ఎన్నడూ తిరుగలేదు. అరణ్యం మన చిత్రంలో వనవాసపు నేపథ్యం. అక్కడ పుట్టి అక్కడ బ్రతికేవానికి అది వనవాసం కాదు, ఊరు. అడవిని నేపథ్యంగా చూచే అలవాటు బాపు ఒక్కరిది కాదు, తెలుగు సాహిత్యం అంతటిది. అందుచేత దీనిని ఆయన దోషంగా గాక మనందరి బాకీగా లెక్కించడం న్యాయం.

ఆ బాకీ తీర్చేవారికి గీత కొరత లేదు. బస్తరు ఘడ్వా పనివారు మైనాన్ని సన్నని దారంగా లాగి, మట్టి అచ్చు చుట్టూ వరుసగా చుట్టుతారు. పైన మట్టి పూసి కాల్చినప్పుడు మైనం కరిగిపోయి, దాని చోట ఇత్తడి వచ్చి నిలుస్తుంది. కొమ్ముల తలపాగా ధరించిన నర్తకుడు, ఏనుగు, దేవత, అన్నీ దారపు గీతలతోనే శరీరం పొందుతవి. నిండైన రూపాన్ని సన్నని గీతతో పట్టడం బాపు కుంచెకూ ఈ మైనపుదారానికీ సమానధర్మం. పత్రికా కార్యాలయంలోని చిత్రకారుడూ, కొలిమి వద్ద కూర్చున్న శిల్పీ ఒకరినొకరు ఎరుగకుండానే ఒకే సూత్రానికి వచ్చినారు. ఈ రెండు గీతలూ ఒక కాగితం మీద కలిసిన రోజున తెలుగు వ్యంగ్యచిత్రానికి రెండవ అధ్యాయం మొదలుకావచ్చును. అప్పుడు నవ్వేవాడు అడవివాడూ, నవ్వబడేవాడు మైదానం నుండి వచ్చిన పెద్దమనిషీ కావచ్చును. అందుకు మనం సిద్ధపడవలె.

తెలుగు రచయితలకు ఒక విన్నపం. రచన పత్రికనుండి పుస్తకంగా మారేటప్పుడు మనం మాటలను మోసుకుపోయి బొమ్మలను పాతకాగితాలవానికి విడిచిపెట్టుతున్నాము. పద్యం పోతే పాఠాంతరాలు వెదకే జాతి, బొమ్మ పోతే వెదకదు. వారపత్రికల పాత సంచికలు గ్రంథాలయాలలో పెళుసై రాలిపోతున్నవి. వాటితోపాటు రచనలను వాటి తొలి పాఠకుడు ఎట్లు చదివినాడనే సాక్ష్యం కూడా రాలిపోతున్నది. మూలకథతో, ప్రచురణ తేదీతో, పత్రిక పుటతో సహా ఈ చిత్రాలను సంపుటీకరించడం చిత్రకళా సంస్థల పని అని సాహిత్య సంస్థలూ, సాహిత్యం వారి పని అని చిత్రకళా సంస్థలూ తలచి ఊరకుంటే నష్టపోయేది చరిత్ర. వ్యాఖ్యానాలను మూలంతోపాటు అచ్చువేసే సంప్రదాయం మనకు కొత్త కాదు. బాపు బొమ్మలను ఆ పంక్తిలో కూర్చుండబెట్టడం చాలును.

బాపు గీత బరువెక్కనిది. అందుచేతనే అర్ధశతాబ్దానికి పైగా తెలుగు మాటను మోయగలిగినది. ఆ గీతకు పొగడ్తల బరువు ఎక్కించడం ఇక మానుకొని, దానిని చదవడం మొదలుపెట్టవలె.